పెట్టెకు నకలు సరే, చేతికి నకలు వద్దు



ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులు వేసుకున్న చందాల్లోంచి కొంత సొమ్ము మన సాంస్కృతిక బృందానికి ఇవ్వాలని అనుకున్నారు. సంతోషం. అయితే ఆ సొమ్ముతో ఏమి కొనాలనే దగ్గర మూడు మాటలు వచ్చాయి. ఎలక్ట్రిక్ గిటారుకు పెద్ద యాంప్లిఫయరు ఒకటి కొందామని కొందరన్నారు. డప్పు, డోలక్, డ్రమ్స్ అన్నీ దానంతట అదే వాయించే రిథమ్ పెట్టె కొంటే వాయించేవాళ్ల కోసం తిరిగే పని తప్పుతుందని ఇంకొందరన్నారు. గిటారు యాంప్లిఫయరునూ దాని స్పీకరు పెట్టెనూ అనుకరించే చిన్న పెడల్ ఒకటి చాలునని మిగిలినవాళ్లం అన్నాం. ఈ మూడో వస్తువునే యాంప్ మోడలింగ్ పెడల్ అంటారు. కాలితో నొక్కే మీట ఉన్న చిన్న లోహపు డబ్బా అది. మేము దాని పక్షం ఎందుకు తీసుకున్నామో, రెండో వస్తువును ఎందుకు వద్దంటున్నామో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది సంగీతం తెలిసిన నలుగురి ముచ్చటే అనుకుని పేజీ తిప్పవద్దని మనవి. ఏది అసలు, ఏది నకలు, ఆ మాట తేల్చేది ఎవరు, నకలు వల్ల ఎవరికి మేలు, ఎవరి నోట్లో మన్ను అనే ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా పట్టుకున్న మనలాంటివాళ్లకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. "వీళ్లు నిజంగా చదివే వచ్చారా?" అని మన మార్కుల జాబితాను రెండుసార్లు తిరగేసి చూసే కళ్లను మనం చూస్తూనే ఉన్నాం. అందుకే అసలు, నకలు అనే మాటలు వినబడితే మనం కాస్త ఆగి ఆలోచించాలి.

గిటారు ఒక్కటే ఎందుకు చాలదు

ముందు తమ్ముళ్ల కోసం సంగతి సులువుగా చెబుతాం. మామూలు గిటారుకు పొట్ట ఉంటుంది. తీగ మీటితే ఆ పొట్టలో గాలి కదిలి శబ్దం పెరుగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో చాలావాటికి పొట్ట ఉండదు, అది గట్టి చెక్క. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. దాన్ని పికప్ అంటారు. ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. మన ఫిజిక్సు పుస్తకంలో ఫారడే పేరుతో చదువుకున్న పాఠమే ఇది. ఆ విద్యుత్తు యాంప్లిఫయరుకు వెళ్లి, అక్కడ పెరిగి, స్పీకరు పెట్టెలోంచి స్వరమై బయటికొస్తుంది.

మన ఊళ్లలో క్రిస్మస్ కార్యక్రమానికైనా, అంబేద్కర్ జయంతికైనా గిటారు యాంప్లిఫయరు ఉండదు. టెంట్ హౌస్ వాళ్ల మైక్ సెట్టు ఉంటుంది. గిటారు జాక్ తెచ్చి నేరుగా మిక్సరులో గుచ్చుతారు. అప్పుడు రెండు ఇబ్బందులు వస్తాయి. మొదటిది, పికప్‌లో పుట్టిన బలహీనమైన విద్యుత్తును తీసుకునే యంత్రం దాన్ని లాగేయకుండా ఉండాలి. గిటారు యాంప్లిఫయరు లోపలికి వెళ్లే దారిలో నిరోధం సాధారణంగా 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. మిక్సరు లైను దారిలో అందులో వందో వంతు దగ్గర ఉండటం మామూలు. అందువల్ల స్వరంలోని మెరుపు అక్కడే చచ్చిపోతుంది. రెండవది, గిటారు కోసం చేసిన 12 అంగుళాల స్పీకరు 5 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. మైక్ సెట్టు బాక్సులు ఏదీ మింగవు, ఉన్నదంతా బయటికి కక్కుతాయి. అందుకే డిస్టార్షన్ పెట్టి నేరుగా వాయిస్తే కందిరీగల తుట్టె కదిపినట్టు వినిపిస్తుంది. వినేవాళ్లు వాయించే పిల్లవాడికి రాదనుకుంటారు. లోపం చేతిలో లేదు, మధ్యలో ఉండాల్సిన పెట్టె లేకపోవడంలో ఉంది.

ఆ లేని పెట్టె పనిని చేసేదే మోడలింగ్ పెడల్.

'అసలు' ఎక్కడ మొదలైంది?

"అనుకరణ పెట్టె ఎందుకు, కొంటే అసలు వాల్వు యాంప్లిఫయరే కొనాలి" అని మన అన్నల్లో ఒకరిద్దరు వాదించారు. వాళ్ల మీద గౌరవంతోనే ఒక ప్రశ్న అడుగుతున్నాం. అసలు అంటే ఏది?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్‌లో 1938లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి లియో ఫెండర్. చదివింది అకౌంటెన్సీ. గిటారు వాయించడం ఆయనకు ఎప్పుడూ రాలేదు. ఆయన కంపెనీ 1950లలో బాస్ గిటారు కోసం బాస్‌మన్ అనే యాంప్లిఫయరు చేసింది. ఆ యంత్రాలను బ్రిటన్‌కు తెప్పించుకోవాలంటే విపరీతమైన ఖర్చు. లండన్ పడమటి శివారు హాన్‌వెల్‌లో డ్రమ్ములు నేర్పుతూ, వాద్యాల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్ దగ్గరికి గిటారు వాయించే కుర్రవాళ్లు వచ్చి మాకు అలాంటిది కావాలని అడిగేవారు. చిన్నప్పుడు ఎముకల క్షయతో ఏళ్ల తరబడి ఆసుపత్రిలో గడిపి, బడికి సరిగా వెళ్లలేకపోయిన మనిషి ఆయన. 1962లో ఆయన బృందం బాస్‌మన్‌ను ముందు పెట్టుకుని దాని సర్క్యూట్‌ను దాదాపు ఉన్నదున్నట్టు దించింది. అదే జె.టి.ఎం. 45. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకర్లు అక్కడ దొరికినవే వేశారు. దొరికిన సామాను వేరు కావడంతో ఆ నకలు తనదైన గొంతు తెచ్చుకుంది. ఇవాళ ప్రపంచమంతా 'అసలైన రాక్ స్వరం' అంటున్న మార్షల్ యాంప్లిఫయరు పుట్టుక ఇదీ. నిన్నటి నకలు నేటి అసలైంది.

ఆ స్వరంలోని బొంగురు సంగతి ఇంకా చిత్రం. గిటారు అంతగా చిరిగినట్టు పలకాలని మొదట్లో తయారీదార్లు ఎవరూ కోరుకోలేదు. 1951లో 'రాకెట్ 88' అనే పాట రికార్డు చేయడానికి ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్ వెళుతుండగా గిటారు వాయించే విల్లీ కిజార్ట్ యాంప్లిఫయరు దెబ్బతింది. కారు మీది నుంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు చెబుతారు. స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే వాయించారు. వాళ్లు నల్లజాతి కుర్రవాళ్లు. మరో యాంప్లిఫయరు తెప్పించుకునే స్తోమత ఉంటే ఆ శబ్దం పుట్టేదే కాదు. 1958లో లింక్ రే తన స్పీకరు కాగితానికి పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. 1964లో లండన్ కుర్రవాడు డేవ్ డేవిస్ బ్లేడుతో కోశాడు. చెడిపోయిన సామాను శబ్దం ఇప్పుడు శాస్త్రం అయ్యింది. లక్షలు పెట్టి కొనేవాళ్లు ఆ చిరుగు కోసమే కొంటున్నారు.

మిసిసిపీ పత్తి చేలలో పనిచేసిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరాడు. అక్కడి బార్ల గోలలో మామూలు గిటారు ఎవరికీ వినబడక ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. అంటే యాంప్లిఫయరు అనేది ఆయనకు వైభోగం కాదు. మాట్లాడితే వినబడనివాడు వినబడటానికి తెచ్చుకున్న సాధనం. ఈ చరిత్ర తెలిసినవాళ్లం "ఇంత బరువున్న పెట్టె, ఇంత ఖరీదు ఉంటేనే అసలు" అనే మాటను ఎలా ఒప్పుకుంటాం?

నకలు తీసే పద్ధతి

మన బ్యాచ్ గోల్కొండ విహారయాత్రకు వెళ్లినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దగ్గర వినబడుతుంది. అక్కడికి చేరే చప్పట్లో ఆ కమాను, ఆ గోడలు, ఆ ఎత్తు అన్నీ కలిసి ఉంటాయి. ఒక్క చప్పట్టు చాలు, ఆ చోటు గుణం తెలుస్తుంది. స్పీకరు పెట్టె నకలు కూడా అలాగే తీస్తారు. పెట్టె ముందు మైకు పెట్టి, చప్పట్టులాంటి శబ్దాన్నో, కింది స్థాయి నుంచి పై స్థాయికి జారే ఈలలాంటి శబ్దాన్నో స్పీకరులోకి పంపుతారు. వచ్చిన స్పందన నుంచి ఆ పెట్టె గుణాన్ని లెక్కగట్టి దాచుకుంటారు. దాన్ని ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. నిడివి చాలా చిన్నది. సెకనుకు 48 వేల నమూనాల లెక్కన 2,048 నమూనాలు తీసుకుంటే సెకనులో పాతిక వంతు చిల్లర మాత్రమే. మనం వాయించే ప్రతి స్వరాన్నీ పెడల్‌లోని చిప్పు ఆ గుణంతో కలిపి లెక్కచేస్తుంది. ఏ పెట్టె, ఏ మైకు, మైకును స్పీకరు నడిమధ్య పెట్టారా, అంచుకు జరిపారా అన్నది కూడా అందులో దిగుతుంది. నడిమధ్య అయితే పదును, అంచుకు జరిపితే మెత్తదనం.

యాంప్లిఫయరు భాగం వేరు. అది మెల్లగా మీటితే ఒకలా, గట్టిగా కొడితే మరోలా పలుకుతుంది కాబట్టి ఒక్క చప్పట్టుతో పట్టుబడదు. దాని సర్క్యూట్‌ను సమీకరణాలుగా రాయడం ఒక పద్ధతి. అసలు యాంప్లిఫయరులోకి కొన్ని నిమిషాల శబ్దం పంపి, లోపలికి పోయినదానికీ బయటికి వచ్చినదానికీ ఉన్న సంబంధాన్ని కంప్యూటరుకు నేర్పించడం ఇంకో పద్ధతి.

ఈ పని ఒక్కరోజులో కాలేదు. 1989లో న్యూయార్క్‌కు చెందిన టెక్ 21 వారి సాన్స్‌ఆంప్ మామూలు ఎలక్ట్రానిక్ భాగాలతోనే ఈ ప్రయత్నం చేసింది. 1998లో లైన్ 6 వారి పాడ్ అనే ఎర్ర చిక్కుడుగింజ ఆకారపు డబ్బా చిప్పుతో లెక్కగట్టే పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. 2006లో యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో జర్మనీ నుంచి కెంపర్ వచ్చాయి. 2019లో స్ట్రైమన్ ఇరిడియం, 2023లో బాస్ కంపెనీ ఐఆర్-2 వంటివి దీన్ని అరచేతి సైజుకు దించాయి. స్టీవెన్ అట్కిన్సన్ తయారుచేసిన న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కంప్యూటరు, గిటారును దానికి కలిపే చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. డబ్బు లేదని ఆగిపోయే పరిస్థితి మునుపటంత లేదు.

హాస్టల్లో దీని అవసరం

మంచి వాల్వు యాంప్లిఫయరు తన స్వరం పూర్తిగా ఇవ్వాలంటే గట్టిగా మోగాలి. అంటే దానికి విడి గది కావాలి, ఊరికి దూరంగా ఇల్లు కావాలి, లేదా ఎవరూ నోరెత్తని హోదా కావాలి. మనకు ఏముంది? హాలుకు ముప్పై ట్రంకు పెట్టెలు, ముప్పై చాపలు. ఒకడు గిటారు మోగిస్తే ఇంకొకడి పదో తరగతి పరీక్ష పోతుంది. మోడలింగ్ పెడల్ చేసిన అతి పెద్ద మేలు ఇక్కడ ఉంది. అది స్వరాన్ని శబ్దం నుంచి విడదీసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి పది దాటాక వరండాలో కూర్చుని కూడా అదే స్వరంతో సాధన చేయవచ్చు. పక్కవాడి నిద్ర చెడదు, వార్డెన్ సారు కేకలు ఉండవు. సాధన చేసే గంటలు దొరికినవాడికే విద్య వస్తుంది. ఇన్నాళ్లూ ఆ గంటలు ఇల్లున్నవాళ్లకే దొరికాయి.

బరువు సంగతి కూడా చూడండి. పేరున్న ఫెండర్ ట్విన్ రివెర్బ్ వాల్వు యాంప్లిఫయరు 85 వాట్లు, దాదాపు 29 కిలోలు. ఆర్టీసీ బస్సులో దానికి లగేజీ టిక్కెట్టు, దించడానికి ఇద్దరు మనుషులు. పెడల్ అయితే పుస్తకాల సంచిలో పడుతుంది. వాల్వు యాంప్లిఫయరు లోపల 400 వోల్టుల స్థాయి విద్యుత్తు ఉంటుంది. మూత విప్పి చూసే తమ్ముళ్లున్న చోట అది మంచిది కాదు.

వాడేవాళ్లకు నాలుగు మాటలు

కొని పెట్టగానే పని అయిపోదు. వాడటం తెలియాలి.

గిటారు తర్వాత ట్యూనరు, ఆ తర్వాత డిస్టార్షన్ వంటి పెడల్స్, చివరన మోడలింగ్ పెడల్, అక్కడి నుంచి మిక్సరు. ఇదీ వరస. మైక్ సెట్టుకో, హెడ్‌ఫోన్స్‌కో ఇస్తున్నప్పుడు స్పీకరు పెట్టె అనుకరణ ఆన్‌లో ఉండాలి. ఎప్పుడైనా నిజమైన గిటారు యాంప్లిఫయరు దొరికి దానికి కలిపితే ఆ అనుకరణ తీసేయాలి. లేకపోతే పెట్టె మీద పెట్టె పడి దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది.

స్వరాన్ని గదిలో హెడ్‌ఫోన్స్‌తో సరిచేసి స్టేజీ ఎక్కవద్దు. శబ్దం తగ్గినప్పుడు మన చెవి కింది స్థాయినీ పై స్థాయినీ తక్కువగా వింటుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్ శాస్త్రజ్ఞులు చూపించారు. గదిలో ఇంపుగా ఉన్నది స్టేజీ మీద గుచ్చుకుంటుంది. కార్యక్రమానికి ముందు మైక్ సెట్టు మోగేంత గట్టిగా పెట్టి అక్కడే సరిచూసుకోవాలి. 80 హెర్ట్జ్‌కు దిగువనున్న గుమగుమ, 6 వేల హెర్ట్జ్‌కు పైనున్న గీర తగ్గిస్తే పాడేవాళ్ల గొంతుకు చోటు దొరుకుతుంది. గిటారు ఒక్కటే బాగుండటం కాదు ముఖ్యం, పాట వినబడాలి.

అడాప్టరు విషయంలో ఏమరుపాటు వద్దు. చాలా పెడల్స్‌కు 9 వోల్టుల డి.సి. కావాలి, ప్లగ్గు మధ్యలో నెగటివ్ ఉండాలి, ఎన్ని మిల్లీ ఆంపియర్లు కావాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఫోను చార్జరులా ఉందని ఏదో ఒకటి గుచ్చితే వేల రూపాయలు ఒక్క నిమిషంలో పొగ అవుతాయి. పెడల్‌కూ మిక్సరుకూ మధ్య డి.ఐ. బాక్సు పెడితే దూరపు వైరులో వచ్చే రొద తగ్గుతుంది.

రొద వస్తున్నదని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. స్టోన్ ద క్రోస్ బృందంలో గిటారు వాయించే లెస్ హార్వే 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీదే ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. ఒక చేతిలో గిటారు తీగలు, రెండో చేతిలో మైకు. మనం నిలబడేదీ అలాగే.

ఒప్పుకోవలసినవి

అవతలి వాదంలోని నిజాన్ని దాచడం న్యాయం కాదు. వాల్వు యాంప్లిఫయరు ముందు నిలబడితే గాలి కదిలి ప్యాంటు అంచు అదురుతుంది, స్పీకరు శబ్దానికి గిటారు తీగ మళ్లీ స్పందించి స్వరం ఆగకుండా సాగుతుంది. పెడల్‌తో హెడ్‌ఫోన్స్‌లో అది దొరకదు. ఇంకో నిజం కూడా ఉంది. 1960లలో చేసిన యాంప్లిఫయర్లు ఇవాళ్టికీ పలుకుతున్నాయి, ఎందుకంటే సర్క్యూట్ చదవగలిగిన మెకానిక్ ఎవరైనా వాటిని బాగుచేయగలడు. చిప్పు కాలిపోయిన పెడల్‌ను మన బజారులోని రిపేరు షాపువాడు ఏమీ చేయలేడు. లియో ఫెండర్‌లాంటి రేడియో మెకానిక్‌కు ఆ డబ్బాలో చేయడానికి పని లేదు. మూడోది, వందల స్వరాలు ఉన్నాయి కదా అని బటన్లు తిప్పుతూ సాయంత్రాలు గడిపేసేవాళ్లు ఉంటారు. మూడు స్వరాలు చాలు: శుభ్రమైనది ఒకటి, కాస్త బొంగురుది ఒకటి, పూర్తిగా చిరిగినది ఒకటి. మిగతా సమయం వేళ్లకు ఇవ్వాలి.

ఇన్ని ఒప్పుకున్నా మా మాట మారదు. వాల్వు యాంప్లిఫయరు దొరకక పెడల్ వాడుతున్నాం అనడం లేదు. మన పరిస్థితిలో విద్యకు దారి తెరిచేది ఏది అంటే పెడల్ అంటున్నాం.

చేతికి నకలు

ఇక అసలు సంగతికి వద్దాం. "నకలు మంచిదేనంటున్నారు కదా, మరి డప్పు వాయించే రిథమ్ పెట్టెను ఎందుకు వద్దంటారు?" అని మమ్మల్ని అడిగారు. సరైన ప్రశ్న.

మోడలింగ్ పెడల్ దేనికి నకలు? చెక్కకు, ఇనుముకు, గాజు వాల్వుకు, కాగితపు స్పీకరుకు. దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే అది ఒక్క స్వరం కూడా దానంతట పలకదు. వేలు కదలాలి, తీగ మోగాలి. చెయ్యి తప్పితే తప్పు వినబడుతుంది, చెయ్యి పండితే పండినట్టు వినబడుతుంది. అది వచ్చాక గిటారు వాయించేవాడి పని పోలేదు, పెట్టె మోసే భారం పోయింది.

రిథమ్ పెట్టె దేనికి నకలు? సిర్ర, చిటికెన పుల్ల పట్టుకున్న రెండు చేతులకు. బటను నొక్కితే దరువు దానంతట అదే నడుస్తుంది. ఎవరో ఒక డప్పు కళాకారుడు ఒకరోజు స్టూడియోలో కొట్టిన దరువు వేల పెట్టెల్లో తిరుగుతుంది. ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పిలవరు. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టోప్యాడ్ తెచ్చినప్పుడు కనీసం దాని మీద పుల్లలతో వాయించే మనిషి ఉండాలి. ఇప్పటి పెట్టెలకు ఆ మనిషి కూడా అక్కరలేదు. మన వాడల్లో పెళ్లి ఊరేగింపులకు, జాతరలకు పోయి నాలుగు రూపాయలు తెచ్చుకునే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తున్నది, 2024లో దాన్ని నెలకు 4,000 రూపాయలకు పెంచారు. అంటే అది ఒక వృత్తి అని, ఆ చేతులకు వయసు మీద పడితే ఆసరా కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నది. మన హాస్టల్ ఒప్పుకోకపోతే ఎలా?

"మన తాతలు చావు ఇళ్ల ముందు వెట్టికి కొట్టిన డప్పును మళ్లీ మన పిల్లల చేతికి ఇస్తారా?" అని ఒక అన్న కోపంగా అడిగారు. ఆ కోపాన్ని మేము గౌరవిస్తాం. కులం పేరు పెట్టి, పిలిస్తే రావాలని, ఇచ్చింది పుచ్చుకోవాలని కొట్టించిన డప్పు పోవాల్సిందే. ఇష్టం లేనివాడు డప్పు ముట్టకుండా ఉండటం అతని హక్కు. కానీ పెట్టె తెచ్చి డప్పు కళాకారుణ్ణి పక్కకు నెట్టడం విముక్తి కాదు. వెట్టి పోవాలంటే మనిషికి కూలి, మర్యాద రావాలి. పెట్టె వస్తే డప్పు చప్పుడు మాత్రం స్టేజీ మీద మిగులుతుంది, డప్పు కొట్టే మనిషి స్టేజీ దిగిపోతాడు. చప్పుడు కావాలి, చప్పుడు చేసే మనిషి వద్దు అనే వరస మనకు తరతరాలుగా తెలిసిందే. ఆ వరసను మన డబ్బుతో మనమే కొని తెచ్చుకోవాలా?

కాబట్టి కొత్త యంత్రం ఏది వచ్చినా మనం అడగాల్సింది అది అసలా నకలా అని కాదు. అది ఎవరి బరువు దించుతున్నది, ఎవరి పని తీసేస్తున్నది అని. పెట్టె బరువు దించితే రానివ్వండి. చేతి పని తీసేస్తే ఆలోచించండి. ఈ కొలత గిటారుకే కాదు, రేపు మనం ఉద్యోగాలకు పోయే ఆఫీసుల్లోకి వచ్చే ప్రతి యంత్రానికీ పనికొస్తుంది.

మా ప్రతిపాదన

ఒకటి, వచ్చిన సొమ్ములో సగానికి మించకుండా ఒక మోడలింగ్ పెడల్, దానికి సరిపోయే అడాప్టరు, ఒక డి.ఐ. బాక్సు, రెండు జతల హెడ్‌ఫోన్స్ కొనాలి. కొత్తదే కావాలన్న పట్టు వద్దు, బాగా పనిచేసే పాతది దొరికితే అదీ సరే.

రెండు, మిగిలిన సొమ్ముతో నాలుగు డప్పులు చేయించాలి. వారానికి ఒక రోజు వచ్చి నేర్పడానికి మన చుట్టుపక్కల ఊళ్లలోని డప్పు కళాకారుల్లో ఒకరిని గురువుగా పిలవాలి. చందా, భోజనం అని కాకుండా రోజు కూలికి తగ్గని ఫీజు ఇవ్వాలి. నోటీసు బోర్డు మీద ఆయన పేరు పక్కన 'మాస్టారు' అని రాయాలి.

మూడు, కొన్న వస్తువులు బీరువాలో పెట్టి తాళం వేసి, ఆగస్టు 15కీ జనవరి 26కీ మాత్రమే తీసే పద్ధతి ఇకనైనా మానాలి. గతంలో మనకు వచ్చిన హార్మోనియం బెలోసు ఎలుకలు కొట్టింది బీరువాలోనే. లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టే రిజిస్టరులో సంతకం పెట్టించుకుని పెడల్ ఇవ్వాలి. ఏడో తరగతి పిల్లవాడైనా, ఇంటర్ చదివేవాడైనా మనిషికి గంట. సీనియర్లకు ప్రత్యేక వంతు ఉండకూడదు. మేము వచ్చినప్పుడు కూడా వరసలోనే నిలబడతాం.

వచ్చే ఏడాది వార్షికోత్సవం నాటికి గిటారూ డప్పూ కలిపి ఒక పాట వినిపించే బృందం మన హాస్టల్లో తయారవ్వాలని మా కోరిక. గిటారు వెనక ఏ పెట్టె ఉందో ఎవరూ అడగరు. డప్పు వెనక మాత్రం మనిషి ఉండాలి. కమిటీ సమావేశంలో ఈ మూడు అంశాలూ ఓటుకు పెట్టాలని కోరుతున్నాం. కాదనేవారు కూడా వచ్చి తమ మాట చెప్పాలి, వినడానికి సిద్ధంగా ఉన్నాం.